గట్టింగ్ గది

మా కదిరి పక్క గట్టంటే చేని గట్టు.
బెంగుళూరులో గట్టంటే నైలాన్ నరం,
మిషన్‌కు బిగించి లాగితే
సన్నగా మూలిగేది.
పదకొండేళ్ళుగా సర్జాపుర రోడ్డులో
ఆరు కోర్టుల అకాడమీ మెట్ల కింద నా గది.
పైనుంచి ఎవరు దిగినా
నా టీ గ్లాసులో సున్నం రాలుతుంది.

రాకెట్‌ను చూసి ఇల్లు చెప్పగలను.
ఇరవై ఎనిమిది పౌన్లని చీటీ అంటించుకుని
డ్రైవరు చేతిలో వచ్చేది ఒకటి.
ఇరవై రెండు చాలన్నా, తొందరగా తెగకూడదని
స్కూటరు మీది నాన్న బతిమాలేది ఒకటి.
తెగిందాన్నే ముడేసి ఇమ్మనేవాళ్ళు
ఈ గడప తొక్కరు.

హుసేనమ్మ తొక్కింది.
తొక్కిందంటే, తుడవడానికి వచ్చింది,
వాళ్ళమ్మ వన్నూరమ్మకు నడుం పట్టేసిన రోజు.
పన్నెండేళ్ళుంటాయి. మాప్ కర్ర
ఆ పిల్లకన్నా జానెడు పొడుగు.
నాలుగో కోర్టు మధ్యలో ఆగి
మడమతో రెండుసార్లు తట్టి
"ఈ చెక్క మా నాయన పరిచిందే.
ఈడ పలక కింద బోలుగుంటాది, చూడన్నా" అంది.
తట్టి చూశాను. బోలుగానే ఉంది.
ఏడాదిగా దానిమీద నిలబడి సర్వీసు చేస్తున్నవాళ్ళు
ఒక్కరూ చెప్పలేదు.

పొద్దున ఐదుకు, పెద్ద లైట్లు వేయకముందు,
గట్టు ముక్కలు ముడేసి నేనల్లిన రాకెట్‌తో
నాతో ఆడేది.
ఈకలూడిన కాక్ తిన్నగా రాదు, తాగినోడిలా తూలుతుంది.
దాంతో నేర్చిన పిల్ల కాబట్టి
కొత్త కాక్ ఎక్కడ పడుతుందో
అక్కడ ముందే ఉండేది.

ఒకరోజు కోచ్ చూశాడు.
చెయ్యి చూడలేదు, కాళ్ళు చూశాడు.
"నాన్-మార్కింగ్ షూస్ లేకుండా కోర్టు మీదికా?"
హుసేనమ్మ ఒంటికాలి మీద నిలబడి
అరికాలు తిప్పి చూసుకుని, నేల చూసి,
"నా కాళ్ళు మచ్చ వెయ్యవు సార్" అంది.

కోచ్ చెడ్డవాడు కాదు.
మర్నాడు ఫారం తెచ్చాడు.
ఊరి పేరు దగ్గరే ముగ్గురం ఆగిపోయాం.
పుట్టింది తనకల్లు పక్క పల్లెలో.
మూడో తరగతి దాకా బెళ్ళందూరు రేకుల షెడ్లు,
నాలుగు వైట్‌ఫీల్డ్‌లో సగం,
ఐదు ఎక్కడా లేదు.
ఆధార్‌లో వయసు ఎవరో మేస్త్రీ రాయించింది.
కాగితం ప్రకారం ఆ పిల్ల
తనకన్నా రెండేళ్ళు పెద్దది.
పదమూడు లోపువాళ్ళతో ఆడనివ్వరు.
ఫారం నా దగ్గరే ఉంది, కవర్ల డబ్బా కింద.

సరిగ్గా ఆ నెలే ధృతి మానేసింది.
రాష్ట్రంలో తొమ్మిదో ర్యాంకు, రాబోయేది పదో తరగతి.
"ఒక్క ఏడాదే బ్రేక్" అన్నాడు వాళ్ళ నాన్న ఫోన్లో.
ఆ ఒక్క ఏడాదిలోంచి
తిరిగొచ్చిన ఆడపిల్లను నేనింకా చూడలేదు.
ఓడిన రోజుల్లో ఈ మెట్ల కిందే కూచుని
కారు హారన్ మోగేదాకా ఏడ్చేది.
రాకెట్ నా గోడకే ఉంది. డబ్బులిచ్చేశారు. ఇరవై ఆరు పౌన్లు.
ఎవరూ కొట్టకపోయినా గట్టు
రోజుకింత వదులవుతుంది.

దాన్ని ఈ పిల్లకు ఇచ్చి ఉండొచ్చు.
ఇవ్వలేదు.
కెమెరా ఒకటి నా గదిలోకి కూడా చూస్తుంది,
నాకూ నెలాఖరు ఉంది.

పక్క టవర్ పని అయిపోయింది.
రేకులు, గిన్నెలు, ఒక మేక లారీకెక్కాయి.
దేవనహళ్ళి పక్కట, ఏ సైటో తెలీదట.
పోయే ముందు వచ్చి
ధృతి రాకెట్ గోడమీంచి దించి
అరచేత్తో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని
"వదులైందన్నా. మళ్ళీ లాగు" అని
ఉన్నచోటే తగిలించి పోయింది.

రాత్రి కూచుని లాగాను.
ఎవరి కోసమో చీటీ మీద రాయలేదు.
ఇరవై ఆరని మాత్రం రాశాను.